మదీనాలో ఒంటరిగా, నిదానంగా ఒక వారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్రా (మక్కాకు ఏడాదిలో ఎప్పుడైనా చేసే యాత్ర) ప్యాకేజీల్లో మదీనాకు మిగిలేది చాలాసార్లు మూడు నాలుగు రోజులే. అందులో ఒక పూట బస్సులో జియారత్ (పవిత్ర స్థలాల సందర్శన), ఇంకో పూట బజారు పోతే మస్జిదె నబవీలో (ప్రవక్త మస్జిదులో) స్థిమితంగా కూర్చునే సమయం దొరకదు. అలా కాకుండా ఒక్కరే వెళ్లి, వారం రోజులు ఆ ఊళ్లోనే ఉండి, ఐదు పూటలా జమాఅత్‌తో నమాజు చదువుకుని రావాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ముందుగా ఖాయం చేసుకోవలసినవి మూడే: గది, రౌజా (మస్జిదులోని ఒక పవిత్ర స్థలం) పర్మిట్, తిరుగు టికెట్. మిగతా రోజులను ఎంత ఖాళీగా ఉంచుకుంటే అంత మంచిది.

వారమంటే 7 రోజులు చాలా, 8 ఉండాలా? నలభై నమాజుల మాటేమిటి?

మన వైపు చాలామంది 8 రోజులు అడగడానికి కారణం మస్జిదె నబవీలో వరుసగా 40 నమాజులు చదవాలన్న మాట. రోజుకు 5 చొప్పున 7 రోజులకు 35 నమాజులే అవుతాయి, 40కి నిండుగా 8 రోజులు కావాలి. విమానం మధ్యాహ్నం దిగితే ఆ రోజు సగం పోయినట్టే కాబట్టి తొమ్మిదో రోజు కూడా అవసరపడుతుంది. అయితే ఆ హదీసు బలహీనమైనదని చెప్పే పండితులు చాలామంది ఉన్నారు. ఉమ్రాకు గానీ హజ్‌కు గానీ అది షరతు కాదు. ఈ మస్జిదులో ఒక నమాజు, మస్జిదుల్ హరామ్ తప్ప మిగతా చోట్ల చదివే వెయ్యి నమాజుల కన్నా మేలన్న హదీసు మాత్రం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మా సలహా: 40 పూర్తి చేయాలనిపిస్తే 9 రోజులు పెట్టుకోండి. 7 రోజులే వీలైతే లెక్క వదిలేయండి. ఒంట్లో బాగాలేక ఒక నమాజు గదిలో చదవాల్సి వచ్చినప్పుడు లెక్క పెట్టుకున్నవారికే దిగులు ఎక్కువ.

ఎప్పుడు వెళితే రద్దీ తక్కువ?

వద్దనుకోవలసిన రోజులు ముందు చెప్పుకుందాం. రంజాన్ నెల, ముఖ్యంగా చివరి పది రోజులు. జుల్‌ఖాదా నుంచి ముహర్రం మధ్య వరకు, అంటే హజ్‌కు ముందూ వెనకా హాజీలు మదీనాలో ఉండే కాలం. డిసెంబరు ఆఖరు, జనవరి మొదట్లో వచ్చే స్కూలు సెలవులు.

ఇస్లామీ నెలలు ఏటా 10, 11 రోజులు ముందుగానే వస్తాయి. 2026, 2027లలో రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతుంది. దానికి తగ్గట్టు చూస్తే అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం: హాజీలు వెళ్లిపోయి ఉంటారు, రంజాన్ ఇంకా రాదు, ఎండ కూడా దిగుతుంది. జూలై, ఆగస్టుల్లో జనం పలచగా ఉన్నా పగలు 42 నుంచి 45 డిగ్రీలు ఉంటుంది. మన కోస్తా ఉక్కపోత అక్కడ లేదు, పొడి గాలి. చెమట పట్టినట్టు తెలియకుండానే ఒళ్లు ఎండిపోతుంది. జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు స్వెట్టరో శాలువో కావాలి.

ఏ నెలలో వెళ్లినా గురువారం రాత్రి నుంచి శనివారం వరకు రద్దీ పెరుగుతుంది. రియాద్, జిద్దాల నుంచి వారాంతానికి కుటుంబాలు వస్తాయి. ఆదివారమో సోమవారమో దిగితే మొదటి మూడు నాలుగు రోజులు నెమ్మదిగా సాగుతాయి.

ఏ వీసా మీద వెళ్లాలి?

భారత పాస్‌పోర్టుతో ఇక్కడి నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది ట్రావెల్ ఏజెంటు ద్వారా ఉమ్రా వీసా తీసుకుంటారు. ఈ వీసాతో మదీనా విమానాశ్రయంలో నేరుగా దిగవచ్చు, మదీనాలోనే ఉండిపోవచ్చు. హోటల్ బుకింగ్ సౌదీ ప్రభుత్వపు ఆన్‌లైన్ వేదిక నుసుక్ వ్యవస్థలో నమోదు కావాలి కాబట్టి ఏజెంటుకు మొదటే స్పష్టంగా చెప్పండి: “మదీనాలో 7 రాత్రులు, గది ఒక్కరికే.” చెప్పకపోతే నలుగురికి ఒక గది లెక్కన, మక్కాలో ఎక్కువ రోజులు ఉండేలా ప్యాకేజీ వస్తుంది. వీసా జారీ అయ్యాక ఎన్ని రోజుల్లో ప్రవేశించాలన్న నిబంధన మారుతూ ఉంటుంది. వీసా కాగితం మీదున్న తేదీనే నమ్మండి.

పర్యాటక వీసా రెండో దారి. అమెరికా, బ్రిటన్, షెంజెన్ వీసా ఉండి ఒకసారైనా వాడినవారు, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవారు, గల్ఫ్ దేశాల్లో రెసిడెన్సీ ఉన్నవారు ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవచ్చు. దుబాయి, దోహా, కువైట్‌లలో పనిచేసే మనవాళ్లకు ఇదే తేలిక. విమానం మారేటప్పుడు ఇచ్చే 96 గంటల వీసా వారానికి సరిపోదు.

ఒంటరి మహిళ వెళ్లవచ్చా?

సౌదీ ప్రభుత్వం వైపు నుంచి అడ్డు లేదు. మహిళలు ఉమ్రాకు రావడానికి మహరం (భర్త లేదా దగ్గరి బంధువైన పురుషుడు) తోడు తప్పనిసరి కాదని 2022లో అక్కడి హజ్, ఉమ్రా మంత్రి ప్రకటించారు. ఫిఖహ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) పరంగా అభిప్రాయభేదం ఉంది, మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయపు పండితుల్లో చాలామంది ఒప్పుకోరు. అది మీరు, మీ ఇంటివాళ్లు, మీరు నమ్మే ఆలిమ్ (మత పండితుడు) కలిసి తేల్చుకోవలసిన విషయం. ఏర్పాట్ల పరంగా మదీనా ఒంటరి మహిళకు సులువైన ఊరే. హరమ్ (మస్జిదె నబవీ) చుట్టుపక్కల వీధులు రాత్రంతా వెలుతురుతో, నమాజుకు వచ్చిపోయే కుటుంబాలతో నిండి ఉంటాయి. మస్జిదులో మహిళల భాగాలు ఉత్తరం వైపు, తూర్పు పడమర కొసల్లో ఉన్నాయి. అందుకే మహిళలు ఉత్తరం వైపు హోటల్ తీసుకోవాలి. దక్షిణం వైపు దిగితే ప్రతి నమాజుకూ ప్రాంగణమంతా చుట్టి రావాలి.

ముస్లిం కానివారు ఈ వారం గడపగలరా?

మస్జిదె నబవీ ప్రాంగణంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. కాబట్టి ఇక్కడ చెప్పిన వారం వారికి కుదరదు. మక్కా అయితే నగరం హద్దుల్లోకే ప్రవేశం లేదు.

హైదరాబాద్ నుంచి ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి మదీనాకు ఇండిగో నేరుగా నడిపే విమానం 2025లో మొదలైంది. అది రోజూ ఉండదు, వారాలు చూసుకుని తేదీలు పెట్టుకోండి. లేదంటే జిద్దాలో దిగి, విమానాశ్రయంలోనే ఉన్న హరమైన్ రైలు స్టేషన్ నుంచి మదీనా చేరవచ్చు. 2018లో మొదలైన ఈ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. జిద్దా నుంచి సుమారు రెండు గంటలు, మక్కా నుంచి రెండుంపావు, రెండున్నర గంటలు. అదే రోడ్డు మీద నాలుగైదు గంటలు. విమానం ఆలస్యమైతే రైలు టికెట్ వృథా అవుతుంది కాబట్టి దిగే వేళకూ రైలుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచండి.

మదీనా విమానాశ్రయం మస్జిదుకు 15 కిలోమీటర్లు, ట్యాక్సీలో 20, 25 నిమిషాలు. అక్కడి నుంచి హరమ్‌కు సిటీ బస్సు కూడా ఉంది. మదీనాకు మాత్రమే వెళుతున్నట్టయితే ఇహ్రాం (ఉమ్రాకు కట్టుకునే దుస్తులు) అక్కర్లేదు, మామూలు బట్టల్లో వెళ్లవచ్చు. ఇది తెలియక మొదటిసారి వెళ్లేవారు హైదరాబాద్ విమానాశ్రయంలోనే ఇహ్రాం కట్టుకుని కంగారు పడుతుంటారు.

గది ఎక్కడ తీసుకోవాలి?

మస్జిదు చుట్టూ ఉన్న హోటళ్ల ప్రాంతాన్ని మర్కజియా అంటారు. ఏజెంటు కరపత్రంలో “హరమ్‌కు 300 మీటర్లు” అని ఉంటే అది ప్రాంగణం అంచు వరకు వేసిన లెక్క. అంచు నుంచి మస్జిదు తలుపు దాకా ఇంకో ఐదారు నిమిషాల నడక ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఈ రెండో నడకను కూడా కలుపుకుని చూసుకోవాలి.

దూరం కన్నా ఎక్కువ విసిగించేది లిఫ్టు. పది పన్నెండు అంతస్తుల హోటల్లో అందరూ ఒకే వేళకు దిగి ఒకే వేళకు ఎక్కుతారు. రాత్రి ఇషా నమాజు తర్వాత లిఫ్టు ముందు పావుగంట నిలబడడం మామూలే. గది ఇచ్చేటప్పుడే రెండో మూడో అంతస్తు అడగండి, మెట్లు వాడుకోవచ్చు. గదిలో కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయో లేదో కనుక్కోండి. ప్లగ్ మూడు చదరపు పిన్నుల రకం కాబట్టి అడాప్టర్ వెంట ఉండాలి.

రౌజా పర్మిట్ ఎలా తీసుకోవాలి? ఎక్కడ తప్పుతుంది?

ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గృహానికీ మింబర్‌కూ (ప్రసంగ వేదికకూ) మధ్యనున్న స్థలమే రౌజా, మనవాళ్లు రియాజుల్ జన్నా అంటారు. పొడవు సుమారు 22 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. వచ్చే జనం లక్షల్లో ఉంటే చోటు ఇంతే కాబట్టి నుసుక్ యాప్‌లో పర్మిట్ లేకుండా లోపలికి పంపరు. పురుషులకూ మహిళలకూ వేర్వేరు వేళలు ఉంటాయి.

వీసా చేతికి రాగానే యాప్‌లో ఖాతా తెరవండి. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, పుట్టిన తేదీ, లింగం వీసాలో ఉన్నట్టే ఉండాలి. పాత పాస్‌పోర్టుతో ఇంతకుముందు ఖాతా తెరిచి ఉంటే కొత్త వీసా దానికి అతకదు, ముందుగా వివరాలు సరిచేసుకోవాలి. ఏజెంటు తన ఫోన్ నంబరుతో మీ ఖాతా తెరిచి ఉంటే ఓటీపీ ఆయనకు పోతుంది, మీరు అక్కడ యాప్ తెరవలేరు. ఇంటి నుంచి బయలుదేరకముందే మీ ఫోన్‌లో, మీ ఈమెయిల్‌తో ఖాతా తెరుచుకునేలా చూసుకోండి.

తర్వాత రౌజాలో నమాజు అన్న సేవ ఎంచుకుంటే ఖాళీ తేదీలు కనిపిస్తాయి. మొదటిసారి చూస్తే అన్నీ నిండినట్టే ఉంటుంది. ఎవరో రద్దు చేసుకున్నవి అప్పుడప్పుడు తెరుచుకుంటాయి. రాత్రి ఇషా అయ్యాక, తెల్లవారక ముందు, మళ్లీ మధ్యాహ్నం చూస్తూ ఉండండి. వారం ఉండేవారికి ఇక్కడ వెసులుబాటు ఎక్కువ. రెండు రోజులకు వచ్చినవారిలా దొరికిన వేళను పట్టుకోవలసిన పని లేదు.

వేళ ఎంచుకోవడంలో హనఫీలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫజర్ ఫర్జ్ (తప్పనిసరి నమాజు) తర్వాత ఎండ పైకి వచ్చేదాకా, సాయంత్రపు అసర్ ఫర్జ్ తర్వాత పొద్దుగుంకే మగ్రిబ్ దాకా, మిట్ట మధ్యాహ్నం జవాల్ వేళ నఫిల్ (ఐచ్ఛిక నమాజు) చదవరు. ఆ సమయాల్లో పర్మిట్ తీసుకుంటే రౌజాలోకి వెళ్లి దుఆ, దరూద్‌తోనే బయటికి రావాలి. ఉదయం 8 నుంచి 11 మధ్య గానీ ఇషా తర్వాత గానీ దొరికితే రెండు రకాతులు తృప్తిగా చదువుకోవచ్చు. రాత్రి పొద్దుపోయాక ఉండే వేళల్లో తోపులాట కూడా తక్కువ.

ఆ రోజు పర్మిట్‌లో రాసిన గేటు దగ్గరికి అరగంట ముందు చేరండి. ఫోన్‌లో ఛార్జి ఉండాలి, పర్మిట్‌ను యాప్‌లోనే తెరిచి చూపాలి. పాస్‌పోర్టు కాపీ జేబులో ఉంచుకోండి. పెద్ద సంచి వద్దు. వుజూ హోటల్లోనే చేసుకోండి, వరుసలో నిలబడ్డాక బయటికి వెళితే మళ్లీ మొదటికి వస్తుంది. లోపల గడిపే సమయం కొద్ది నిమిషాలే, పావుగంట దొరికితే ఎక్కువ. స్తంభం పక్కనే చదవాలని పాకులాడకండి, రౌజాలో ప్రతి అడుగూ రౌజానే. సిబ్బంది “యల్లా హాజీ” అనగానే లేవండి, వెనక వరుసలో ఉన్నవారికి కూడా అంతే సమయం ఉంది.

పర్మిట్ ఒకసారి వాడాక మళ్లీ 365 రోజుల వరకు ఇవ్వరన్నది యాప్ పెట్టిన సాధారణ నియమం. మస్జిదు దగ్గరే ఉన్నవారికి ఖాళీని బట్టి అదనపు అవకాశాలు అప్పుడప్పుడు తెరుస్తుంటారు. వెళ్లలేనని తెలిస్తే ముందే రద్దు చేయండి. ఆ చోటు ఇంకొకరికి దక్కుతుంది, మీ హక్కూ పోదు.

సలాం చెప్పుకోవడానికి కూడా పర్మిట్ కావాలా?

అక్కర్లేదు. పురుషులు పడమటి వైపున్న 1వ నంబరు గేటు, బాబుస్సలాం నుంచి లోపలికి వెళ్లి, వరుసలో నడుస్తూ బంగారు రంగు జాలీ ముందుకు వస్తారు. మొదటి పెద్ద గుండ్రటి రంధ్రం ఎదురుగా ప్రవక్త (స)కు సలాం. ఒక అడుగు కుడికి జరిగి హజ్రత్ అబూబక్ర్ (రజి)కి, ఇంకో అడుగు జరిగి హజ్రత్ ఉమర్ (రజి)కి. ఆ తర్వాత తూర్పున 41వ నంబరు గేటు, బాబుల్ బఖీ నుంచి బయటికి. మదీనాలో ఖిబ్లా దక్షిణం వైపు. జాలీ వైపు తిరిగినప్పుడు వీపు ఖిబ్లాకు ఉంటుంది, అందుకే చేతులెత్తి దుఆ చేయాలంటే కాస్త జరిగి ఖిబ్లా వైపు తిరగమని అక్కడి సిబ్బంది చెబుతారు. గొంతు పెంచవద్దు, ఫోన్ జేబులోనే ఉంచండి. నమాజు ముగిసిన వెంటనే వెళితే జనప్రవాహం మిమ్మల్ని నిలవనివ్వదు. ఉదయం 9, 10 గంటల ప్రాంతంలో వెళితే రెండు క్షణాలు ఆగి మనసారా సలాం చెప్పుకోవచ్చు. వారంలో ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు.

రోజంతా ఎలా గడపాలి?

భారత కాలమానం కన్నా మదీనా రెండున్నర గంటలు వెనక. మనకు ఉదయం 5 అయితే అక్కడ రాత్రి 2:30. మొదటి రెండు మూడు రోజులు అప్పటికే మెలకువ వచ్చేస్తుంది, ఇషాకు కళ్లు మూతలు పడతాయి. దానితో పోరాడకండి. ఆ మెలకువను తహజ్జుద్‌కు (రాత్రి చదివే ఐచ్ఛిక నమాజుకు) వాడుకుని, ఇషా అవగానే పడుకోండి. మస్జిదు రాత్రంతా తెరిచే ఉంటుంది. తెల్లవారుజామున 3 గంటలప్పుడు ముందు వరుసల దగ్గర కూడా చోటు దొరుకుతుంది.

ఫజర్ తర్వాత కూర్చునేవారు ఎండ పొడ వచ్చాక పావుగంట, ఇరవై నిమిషాలకు ఇష్రాఖ్ చదివి గదికి వెళతారు. 8 నుంచి 10:30 వరకు నిద్ర. ఈ నిద్ర మానేసి జియారత్‌లకూ బజారుకూ తిరిగేవారు నాలుగో రోజుకు జలుబు, నీరసంతో పడకేస్తారు. వారం పాడవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఇదే. ఇక జొహర్ నుంచి ఇషా వరకు మీ ఇష్టం.

అక్కడి అసర్ మన హనఫీ మస్జిదుల కన్నా సుమారు గంట ముందే అవుతుంది. ఇంటి అలవాటున లెక్క వేసుకుంటే జమాఅత్ తప్పిపోతుంది. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య ఏడాదంతా సరిగ్గా గంటన్నర (రంజాన్‌లో రెండు గంటలు). ఈ గంటన్నరకు గదికి వెళ్లి రావడం దండగ. కూర్చున్న చోటే ఖుర్ఆన్ చదువుకోవడానికి దీనికి మించిన సమయం లేదు.

దాదాపు ప్రతి ఫర్జ్ నమాజు తర్వాతా జనాజా నమాజు ఉంటుంది. సలాం తిప్పగానే ప్రకటిస్తారు. అందరూ లేచి నిలబడితే ఏమిటో అర్థంకాక సున్నత్ మొదలుపెట్టేవారు కనిపిస్తారు. నాలుగు తక్బీర్లు, వాటి మధ్య చదవలసినవి ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి.

కూర్చునే చోటు గురించి ఒక మాట. లోపల స్తంభాల పాదాల చుట్టూ ఇత్తడి జాలీలు ఉంటాయి, ఏసీ చల్లగాలి అక్కడి నుంచే వస్తుంది. బయట ఎండలో నడిచివచ్చి ఆ జాలీకి వీపు ఆనించి గంటసేపు కూర్చుంటే సాయంత్రానికి గొంతు పట్టేస్తుంది. స్తంభానికి రెండు మూడు వరుసల దూరంలో కూర్చోండి. బయటి ప్రాంగణంలో 250 పెద్ద గొడుగులు ఉన్నాయి. పొద్దున తెరుచుకుని, సాయంత్రం ముడుచుకుంటాయి. ఆ తెల్లటి వస్త్రం మడతలు మడతలుగా మీనారులా నిటారుగా చేరుకోవడం చూడాలంటే మగ్రిబ్‌కు ముందు ప్రాంగణంలో ఉండండి.

సోమ, గురువారాల ఇఫ్తార్ అంటే ఏమిటి?

ఆ రెండు రోజులు ఉపవాసం సున్నత్. మదీనావాసులు రంజాన్ కాకపోయినా ఆ సాయంత్రాల్లో మస్జిదులో సుఫ్రాలు పరుస్తారు. పొడవాటి ప్లాస్టిక్ పరుపు మీద ఖర్జూరాలు, రొట్టె, పెరుగు డబ్బా, జంజం, గహ్వా (అరబ్బు కాఫీ). పెరుగు మీద చల్లుకోవడానికి దుక్కా అనే పొడి ఇస్తారు. చిటికెడు చల్లి, రొట్టె ముక్కతో నంజుకోవాలి. అసర్ తర్వాత నడుస్తుంటే పిల్లలు, పెద్దలు చెయ్యి పట్టుకుని తమ సుఫ్రా దగ్గరికి రమ్మంటారు. మొహమాటపడకండి, అది వారికి పుణ్యం. ఒంటరిగా వెళ్లినవారు ఎవరితోనైనా కలిసి భోంచేసే సాయంత్రాలు ఇవే. అజాన్ అయ్యాక ఐదారు నిమిషాల్లో అంతా ఎత్తేస్తారు, త్వరగా తినండి.

ఖుబా, ఉహుద్, మిగతా జియారత్ స్థలాలను ఏ రోజు పెట్టుకోవాలి?

రోజుకు ఒకటి మించవద్దు. అన్నీ కలిపి ఒక్క పూటలో తిప్పే ట్యాక్సీలు, బస్సులు ఉన్నాయి. ఒక్కో చోట పావుగంట ఆపుతారు, అందులో సగం చెప్పులు వెతుక్కోవడానికే పోతుంది.

ఖుబా మస్జిదు శనివారం. ప్రవక్త (స) శనివారాల్లో ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి స్వారీ మీద ఖుబాకు వెళ్లేవారని హదీసు. ఇంట్లో వుజూ చేసుకుని ఖుబాకు వెళ్లి నమాజు చదివితే ఉమ్రా అంత పుణ్యమని మరో హదీసు. మస్జిదె నబవీ నుంచి ఖుబా దాకా మూడు కిలోమీటర్ల పైచిలుకు, నడిచేవారి కోసం ప్రత్యేకంగా దారి వేశారు. నడక 45 నిమిషాలు. ఫజర్ అవగానే ట్యాక్సీ ఎక్కితే పది నిమిషాల్లో చేరిపోయి, నఫిల్ వేళ కాక గంటసేపు ఎదురుచూడాలి. నడిచి వెళితే దారిలోనే తెల్లవారుతుంది, చేరి కాస్త కూర్చునేసరికి ఇష్రాఖ్ అవుతుంది. తిరిగి రావడానికి చిన్న బ్యాటరీ బండ్లు ఉంటాయి. 9 దాటితే శనివారం ఖుబా కిక్కిరిసిపోతుంది.

ఉహుద్‌కు మంగళవారమో బుధవారమో వెళ్లండి. మస్జిదుకు ఉత్తరాన ఐదు కిలోమీటర్లు. హిజ్రీ 3లో, అంటే 625లో జరిగిన యుద్ధంలో అమరులైన 70 మంది సహాబాల్లో (ప్రవక్త సహచరుల్లో) హజ్రత్ హమ్జా (రజి) ఒకరు. వారి సమాధుల ఆవరణ బయట నిలబడి సలాం చెప్పుకుని, ఎదురుగా ఉన్న విలుకాళ్ల గుట్ట, జబలె రుమాత్, ఎక్కితే యుద్ధం ఎటు నుంచి ఎటు మలుపు తిరిగిందో కళ్లకు కడుతుంది. 50 మంది విలుకాళ్లను ఆ గుట్ట మీద నిలిపి కదలవద్దని ప్రవక్త (స) ఎందుకు చెప్పారో కింద నుంచి చూస్తే అర్థం కాదు. లక్షల పాదాలకు అరిగిన రాళ్లు జారుతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. అసర్‌కు ముందు ఎండలో వద్దు.

జన్నతుల్ బఖీ ఖబరస్తాన్ మస్జిదుకు తూర్పున ఆనుకునే ఉంది. ఫజర్ తర్వాత, అసర్ తర్వాత తెరుస్తారు, పురుషులను మాత్రమే లోపలికి పంపుతారు. మహిళలు బయటి నుంచి సలాం చెప్పుకోవచ్చు. సమాధుల మీద పేర్లు ఉండవు, ఒట్టి రాళ్లే. ఎవరిది ఏదని చూపించి డబ్బు అడిగేవారిని పట్టించుకోకండి.

మస్జిదె ఖిబ్లతైన్, ఖందఖ్ యుద్ధం (627) జరిగిన ప్రాంతం ఒకే దిక్కున, వాయవ్యంలో ఉన్నాయి, ఒక సాయంత్రం చాలు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే 1908లో డమాస్కస్ నుంచి రైలు వచ్చి ఆగిన హిజాజ్ రైల్వే స్టేషన్ చూడండి, నడిచి వెళ్లే దూరమే. 1984లో మొదలైన కింగ్ ఫహద్ ఖుర్ఆన్ ముద్రణాలయం ఊరి బయట ఉంది. తెలుగు సహా ఎన్నో భాషల అనువాదాలు అక్కడ అచ్చయ్యాయి. సందర్శన వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి.

తిండికి ఇబ్బందా?

అన్నం లేనిదే పూట గడవనివారికి కూడా ఇబ్బంది లేదు. హరమ్ చుట్టుపక్కల వీధుల్లో పాకిస్తానీ, బంగ్లాదేశీ, భారతీయ హోటళ్లు ఉన్నాయి. అన్నం, పప్పు, కోడికూర దొరుకుతాయి. కారం మాత్రం మనకు చాలదు, ఒక చిన్న ఆవకాయ సీసా బాగా సీలు వేసి చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. అరబ్బు హోటల్లో ఒక ప్లేటు మందీ ఇద్దరికి సరిపోతుంది, ఒక్కరే ఉంటే సగం ప్లేటు అడగండి. తమీస్ రొట్టె, ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజల కూర) ఉదయానికి చవక, కడుపు నిండుతుంది.

భాష, ఫోన్, డబ్బు?

ఉర్దూ వస్తే అరబ్బీ లేకుండా వారం గడిచిపోతుంది. దుకాణాల్లో, హోటళ్లలో, ట్యాక్సీల్లో ఉపఖండం వాళ్లే ఎక్కువ. తెలుగు కూడా వినిపిస్తుంది: కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు సెలవు రోజుల్లో జియారత్‌కు వస్తుంటారు. సిమ్ కోసం పాస్‌పోర్టు చూపి వేలిముద్ర వేయాలి. మెహందీ పెట్టుకున్న వేళ్లు, పని చేసి అరిగిన వేళ్లు యంత్రం ఒక్కోసారి తీసుకోదు. అలాంటివారు ఇంటి దగ్గరే రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం మేలు. ఫారెక్స్ కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది, అయినా చిన్న నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి.

ఏమేమి తీసుకెళ్లకూడదు?

గసగసాలు. మనింట్లో మసాలా పొడికి, కుర్మాకు వాడే ఈ గింజలు సౌదీలో నిషిద్ధం. మత్తుపదార్థాల కింద లెక్క కడతారు. ఇంటి గరం మసాలాలో కలిపి ఉన్నా తీసుకెళ్లవద్దు. గుట్కా, ఖైనీ కూడా వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు చిక్కుల్లో పడేస్తాయి. బీపీ, షుగర్ మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో, పది రోజులకు సరిపడా చేతి సంచిలో పెట్టుకోండి. “మావాడికి ఇది ఇచ్చేయండి” అని విమానాశ్రయంలో ఎవరైనా పొట్లం ఇస్తే, ఎంత దగ్గరివాళ్లయినా విప్పి చూడకుండా తీసుకోవద్దు. ఒంటరిగా వెళ్లేవారినే ఇలా అడుగుతుంటారు.

ఆరోగ్యం విషయంలో ఏం చూసుకోవాలి?

మెనింజైటిస్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. పొడి గాలికి పెదవులు, మడమలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది. చిన్న వ్యాజిలిన్ డబ్బా చాలు, పడుకునే ముందు ముక్కు అంచుకు కూడా రాయండి. దాహం వేయకపోయినా ప్రతి నమాజుకూ వెళ్లేటప్పుడు ఒక గ్లాసు నీళ్లు తాగండి. మస్జిదులో జంజం కూలర్లు రెండు రకాలు ఉంటాయి. చల్లగా చేయనివి గొంతుకు మంచివి. అంబులెన్సుకు 997. షుగర్ ఉన్నవారు ఖర్జూరాల లెక్క మరచిపోకండి, అక్కడ ప్రతివారూ ఇస్తూనే ఉంటారు.

దారి తప్పితే? చెప్పులు పోతే?

లోపలికి వెళ్లిన గేటు నంబరును ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్రాంగణం నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది, నమాజయ్యాక జనంతో కొట్టుకుపోయి వేరే గేటులో తేలడం కొత్తవారికి మామూలే. పచ్చ గుంబద్ దక్షిణం వైపు ఉందని గుర్తుంటే దిక్కు తెలిసిపోతుంది. హోటల్ కార్డు జేబులో ఉంచండి. చెప్పులు అరల్లో వదలవద్దు, గుడ్డ సంచిలో వేసి వెంట పెట్టుకోండి.

ఖర్జూరాలు ఎప్పుడు, ఎలా కొనాలి?

రెండో రోజు బజారు చూసి రండి, ఆరో రోజు కొనండి. అజ్వా మదీనాకే పేరు తెచ్చిన రకం: నల్లగా, కాస్త గుండ్రంగా, చర్మం మీద సన్నటి తెల్లటి గీతలతో ఉంటుంది, తీపి మితం. సఫావీ కూడా నల్లనిదే కానీ పొడవుగా ఉంటుంది, ధర తక్కువ. ఈ రెండింటినీ కలిపి అజ్వా ధరకు అమ్మే దుకాణాలు ఉన్నాయి. సీలు వేసిన పెట్టెలో అడుగున ఏముందో కనిపించదు కాబట్టి విడిగా తూచి ఇచ్చే చోట, ఒకటి తిని చూసి కొనండి. కొత్త పంట వేసవి ఆఖర్లో వస్తుంది.

వారం అయ్యాక మక్కా వెళ్లి ఉమ్రా చేయాలంటే?

మదీనా నుంచి మక్కా వెళ్లేవారికి మీఖాత్ (ఇహ్రాం లేకుండా దాటకూడని హద్దు) జుల్‌హులైఫా, దాన్నే అబ్యారె అలీ అంటారు, మస్జిదుకు సుమారు 10 కిలోమీటర్లు. ట్యాక్సీలో వెళితే అక్కడ ఆగి స్నానం చేసి ఇహ్రాం కట్టుకుని రెండు రకాతులు చదవవచ్చు. రైలు అక్కడ ఆగదు. కాబట్టి హోటల్లోనే ఇహ్రాం కట్టుకుని, బయలుదేరేటప్పుడే నియ్యత్ చేసుకోండి. మక్కా చేరాక కట్టుకుందామనుకుంటే మీఖాత్ దాటినందుకు దమ్ (పరిహారంగా జంతు బలి) ఇవ్వాల్సి వస్తుంది.

జంజం ఇంటికి ఎలా తేవాలి?

విమానాశ్రయంలో అమ్మే 5 లీటర్ల అట్టపెట్టె ఒక్కటే దారి. కూలర్లలో పట్టిన సీసాలు సూట్‌కేసులో పెడితే స్కానింగ్‌లో పట్టుబడి, పెట్టె తెరిపించి తీసేస్తారు. ఆ గొడవలో విమానం తప్పిపోయే వేళ అవుతుంది. టికెట్‌తో పాటు ఆ పెట్టెను ఉచితంగా అనుమతిస్తారా, సామాను బరువులో కలుపుతారా అన్నది విమాన సంస్థను బట్టి ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే అడిగి, ఖర్జూరాలను ఆ మిగిలిన కిలోలకు తగ్గట్టు కొనుక్కోండి.